సైట్ బుక్‌లో నేను రాసిన అబద్ధాలు

మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసర్ అంటే ఓడకి దారి చూసే మనిషి. చార్టులు సరిదిద్దడం, వెళ్ళాల్సిన మార్గం గీయడం, మధ్యాహ్నం పన్నెండుకి ఓడ ఎక్కడుందో తేల్చి కంపెనీకి రిపోర్టు పంపడం అతని పనులు. నేను ఆ పనిలో ఉన్నప్పుడు రోజూ ఒక పుస్తకంలో అబద్ధం రాసేవాణ్ణి. చాలా ఏళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య నా ఓడ మీదికి వచ్చే కేడెట్లకి చెబుతున్నాను. కుర్రాళ్ళకి చెప్పగలిగినప్పుడు కాగితం మీద పెట్టడానికి వెనకాడడం న్యాయం కాదనిపించి రాస్తున్నాను.

ఆ పుస్తకాన్ని సైట్ బుక్ అంటాం. సైట్ అంటే సెక్స్‌టెంట్‌తో సూర్యుణ్ణో నక్షత్రాన్నో చూసి, అది సముద్రపు అంచు నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవడం. ఏ క్షణంలోనైనా సూర్యుడు భూమ్మీద ఏదో ఒక చోట సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ చోటు ఎక్కడో ఏడాది పొడుగునా గంట గంటకీ నాటికల్ ఆల్మనాక్‌లో అచ్చువేసి ఉంటుంది. ఆ చోటికి మనం ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు దూరం జరిగితే సూర్యుడి ఎత్తు ఒక మినిట్ తగ్గుతుంది. డిగ్రీలో అరవయ్యో వంతుని మినిట్ అంటాం. కోణం తెలిస్తే దూరం తెలిసినట్టే. ఒక సైట్ చార్టు మీద ఒక గీత ఇస్తుంది, మనం ఆ గీత మీద ఎక్కడో ఉన్నాం. ఇంకో సైట్ ఇంకో గీత ఇస్తుంది. రెండూ కలిసిన చోట ఓడ.

లెక్కకట్టే పద్ధతి మార్క్ సెంట్ హిలేర్ అనే ఫ్రెంచి నౌకాధికారి 1870లలో చెప్పింది. మనం ఫలానా చోట ఉన్నామని ముందు అనుకుంటాం. అక్కడి నుంచి చూస్తే సూర్యుడి ఎత్తు ఎంత ఉండాలో లెక్కగడతాం. నిజంగా కొలిచిన ఎత్తుకీ దానికీ ఎన్ని మినిట్లు తేడా వస్తే, మన గీత అన్ని మైళ్ళు అటో ఇటో జరుగుతుంది. ఆ తేడాని ఇంటర్‌సెప్ట్ అంటారు.

నేను చేసింది దీన్ని తిరగేయడం. జీపీఎస్ చూపించిన లాటిట్యూడ్, లాంగిట్యూడ్ తీసుకునేవాణ్ణి. అక్కడ ఆ సమయానికి సూర్యుడి ఎత్తు ఎంత ఉండాలో నోరీస్ టేబుల్స్‌తో లెక్కవేసి, దిద్దుబాట్లన్నీ వెనక్కి కలిపి, సెక్స్‌టెంట్ ఇంత చూపించింది అని రాసేవాణ్ణి. ఇంటర్‌సెప్ట్ సున్నా వస్తే ఎవరైనా అనుమానిస్తారని ఒకరోజు అర మైలు, ఒకరోజు ముప్పావు మైలు తేడా కూడా నేనే పెట్టేవాణ్ణి. ఈ విద్య నాకు నా కంటే సీనియర్ ఒకాయన నేర్పాడు. ఆ మాట చెప్పి నా తప్పు తగ్గించుకోను. నేర్చుకున్నది నేను, రోజూ చేసింది నేను.

సెక్స్‌టెంట్ పట్టడం రాక ఇలా చేశానా అంటే, కాదు. ట్రైనింగ్‌లో బాగానే నేర్చుకున్నాను. సెకండ్ మేట్ పరీక్షలో ఈ పేపర్ మీద నాకు భయం ఉండేది కాదు. ఓరల్స్‌లో సర్వేయర్ సెక్స్‌టెంట్ చేతికిచ్చి దాని అద్దాల తప్పులు ఏవి, ఎలా సరిచెయ్యాలి అని అడిగితే గడగడా చెప్పాను. ఓడ ఎక్కాక మాత్రం దాని అవసరం కనబడలేదు. 2000 మే నెలలో అమెరికా జీపీఎస్‌లో కావాలని పెట్టిన తేడాని తీసేసింది. అప్పటిదాకా వంద మీటర్ల వరకూ అటూఇటూగా చూపించే పెట్టె ఒక్కసారిగా పది, ఇరవై మీటర్లకి దిగింది. నేను ఎంత జాగ్రత్తగా సూర్యుణ్ణి చూసినా మైలు, రెండు మైళ్ళు తేడా వచ్చేది. మీటర్లలో చెప్పే యంత్రం ఎదురుగా ఉండగా మైళ్ళలో చెప్పే పనిముట్టుతో ఎండలో నిలబడడం దేనికి అన్నది నా వాదన. వినడానికి ఇప్పటికీ సబబుగానే ఉంటుంది. అందులో లోపం ఎక్కడుందో తెలియడానికి నాకొక మే నెల పట్టింది.

రిచర్డ్స్ బేలో బొగ్గు ఎక్కించుకుని గంగవరం వస్తున్నాం. దక్షిణాఫ్రికా నుంచి మడగాస్కర్ కిందుగా వచ్చి, ఈశాన్యంగా హిందూ మహాసముద్రం దాటి, మాల్దీవుల మధ్య ఉన్న ఒకటిన్నర డిగ్రీ ఛానెల్ గుండా శ్రీలంక కిందికి చేరి, అక్కడి నుంచి బంగాళాఖాతంలోకి తిరగాలి. మా కెప్టెన్ కాకినాడ వైపు ఆయన. తక్కువ మాట్లాడే మనిషి. కలకత్తాలో ఎప్పుడో కొనుక్కున్న సొంత సెక్స్‌టెంట్ ఒకటి ఆయన క్యాబిన్‌లో ఉండేది. ఉదయం తొమ్మిది ప్రాంతంలో దాన్ని పట్టుకుని బ్రిడ్జ్ వింగ్ మీదికి, అంటే ఓడ నడిపే గది పక్కనుండే ఆరుబయటికి వచ్చి సూర్యుణ్ణి చూసుకుని, తన చిన్న నోట్‌బుక్‌లో లెక్కవేసుకుని వెళ్ళిపోయేవాడు. మా లెక్కలతో పోల్చడం నేనెప్పుడూ చూడలేదు. అది ఆయన అలవాటు అనుకుని ఊరుకున్నాం.

ఓడ మీద జీపీఎస్‌లు రెండు. ఒకటి పాడై, స్పేర్ వచ్చే పోర్టులో ఎక్కుతుందని ఎదురుచూస్తున్నాం. మా ఎవరి ఫోన్లలోనూ అప్పటికి జీపీఎస్ లేదు. శాటిలైట్ టెలెక్స్ పెట్టెకి కూడా పొజిషన్ మా రెండో జీపీఎస్ నుంచే వెళ్ళేది. ఆ మాటకొస్తే ఓడ మొత్తం ఆ ఒక్క యాంటెన్నా కేబుల్ మీద ఆధారపడి ఉంది.

భూమధ్యరేఖకి రెండు డిగ్రీల కింద ఉండగా అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా నా వాచ్. ఒంటిగంట దాటాక గట్టి వాన పట్టింది. రాడార్ తెర మీద వాన తప్ప మరేమీ కనబడడం లేదు. దాన్ని సర్దుకుంటూ ఉంటే జీపీఎస్ దగ్గర అలారం మోగింది. వెళ్ళి బటన్ నొక్కాను, ఆగింది. దేనికి మోగిందో చదవలేదు. అంకెలు కదులుతున్నాయి, లాటిట్యూడ్ మారుతోంది, వేగం పదమూడు నాట్లు చూపిస్తోంది. గంట గంటకీ ఆ అంకెలు తీసుకుని చార్టు మీద చుక్క పెట్టాను. చుక్కలన్నీ గీసిన లైను మీద చక్కగా పడ్డాయి. తెర మూలన చిన్న అక్షరాల్లో డీఆర్ అని వచ్చి ఉంది. యాంటెన్నా నుంచి సిగ్నల్ రావడం లేదు, దిక్సూచి చెప్పిన దిశా లాగ్ చెప్పిన వేగం కలిపి అంచనా వేస్తున్నాను అని ఆ పెట్టె తన భాషలో చెబుతోంది. డెడ్ రెకనింగ్. ఆ అంచనాకి సముద్రపు ప్రవాహం సంగతి తెలియదు. చుక్కలు అంత చక్కగా లైను మీద పడడమే అనుమానించాల్సిన విషయం. నిజం పొజిషన్లు ఎప్పుడూ కాస్త అటూ ఇటూ పడతాయి.

ఏప్రిల్, మే నెలల్లోనూ మళ్ళీ అక్టోబరు, నవంబరుల్లోనూ హిందూ మహాసముద్రంలో భూమధ్యరేఖ వెంట నీళ్ళు తూర్పుకి పరిగెడతాయి. క్లాస్ విర్ట్‌కీ అనే శాస్త్రవేత్త 1973లో దీన్ని వివరించాడు, అందుకే విర్ట్‌కీ జెట్ అంటారు. బలంగా ఉన్నప్పుడు సెకనుకి మీటరు, అంటే గంటకి దాదాపు రెండు నాటికల్ మైళ్ళు. ఆ నీళ్ళ మీద మేం ఈశాన్యానికి వెళ్తూ, మాకు తెలియకుండా తూర్పుకి జరుగుతున్నాం. తూర్పున హువదూ పగడపు దీవుల వలయం ఉంది. మాల్దీవుల్లో ఉన్న పెద్ద వలయాల్లో అదొకటి. దీవులన్నీ సముద్రానికి మీటరో రెండు మీటర్లో ఎత్తు. వాటి పడమటి అంచుకి ఇరవై మైళ్ళ ఎడంగా వెళ్ళేటట్టు మార్గం గీసింది నేనే.

నాలుగింటికి చీఫ్ ఆఫీసర్‌కి వాచ్ అప్పజెప్పాను. మబ్బు వల్ల ఆయనకి తెల్లవారు నక్షత్రాలు దొరకలేదు. తొమ్మిదింటికి లేచి వచ్చి, నా అలవాటు ప్రకారం జీపీఎస్ అంకెల నుంచి వెనక్కి లెక్కగట్టి ఉదయపు సైట్ రాశాను. పన్నెండుకి మధ్యాహ్నపు సైట్ రాశాను. రెండూ కలిపితే వచ్చిన పొజిషన్ జీపీఎస్ చెప్పినదానికి ముప్పావు మైలు లోపల ఉంది. ఉండకేం చేస్తుంది, దానిలోంచే పుట్టింది కదా.

ఆ రోజు కెప్టెన్ చార్టు దగ్గరికి వచ్చాడు. పెన్సిల్ తీసుకుని తన ఉదయపు గీత వేశాడు. ఉదయం సూర్యుడు తూర్పున ఉంటాడు కాబట్టి ఆ గీత ఉత్తర దక్షిణాలుగా పడుతుంది, అంటే లాంగిట్యూడ్ చెబుతుంది. మధ్యాహ్నపు లాటిట్యూడ్‌తో కలిపాడు. మా చుక్కకి పదహారు మైళ్ళు తూర్పున పడింది. కాసేపు చూశాడు. నా సైట్ బుక్ తెరిచి చూశాడు. తర్వాత ఏమీ అనకుండా స్టీరింగ్ దగ్గరికి వెళ్ళి, కోర్సు ఎడమకి, ఉత్తరానికి మార్పించాడు. ఓడ తిరిగాక నావైపు చూశాడు.

"ఏమయ్యా, నీ సైట్ జీపీఎస్‌తో కలిసింది. నాది కలవలేదు. ఇద్దరం చూసింది ఒకే సూర్యుణ్ణి. సెక్స్‌టెంట్ పట్రా."

పెట్టె తెచ్చాను. ఇండెక్స్ ఎర్రర్ ఎంత అని అడిగాడు. సెక్స్‌టెంట్ స్కేలు సున్నా దగ్గర పెట్టినప్పుడు దానిలో నేరుగా కనబడే సముద్రపు అంచూ, అద్దంలో కనబడే అంచూ ఒకే గీతగా ఉండాలి. ఉండకపోతే ఆ తేడాయే ఇండెక్స్ ఎర్రర్. ప్రతి సైట్‌కీ ముందు చూసుకోవాలి. పుస్తకంలో నెలల తరబడి నేను రాస్తూ వచ్చిన అంకె చెప్పాను, అర మినిట్ కంటే కొంచెం ఎక్కువ. ఆయన సున్నాకి పెట్టి కంటికి ఆనించి, మెల్లగా డ్రమ్ము తిప్పి, నా చేతికిచ్చి చదవమన్నాడు. దాదాపు మూడు మినిట్లు, అదీ రెండో వైపు. ఎప్పుడో ఎవరో పెట్టెని తగిలించి ఉంటారు. పరికరం తన కథ తనే చెప్పేసింది. దాన్ని నేను ముట్టుకోలేదని ఇద్దరికీ తెలిసింది.

"సైట్లు తీయడం లేదు సార్. జీపీఎస్ నుంచి రాస్తున్నాను" అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఈ ఓడ ఎక్కినప్పటి నుంచి సార్. అంతకు ముందు ఓడ మీద కూడా."

ఆయన కోప్పడలేదు. జీపీఎస్ దగ్గరికి తీసుకెళ్ళి తెర మూలన వేలు పెట్టాడు. అప్పుడు కనబడింది నాకు డీఆర్. రాత్రి అలారం సంగతి చెప్పాను. ఎలక్ట్రికల్ ఆఫీసర్ మాస్ట్ ఎక్కి చూస్తే యాంటెన్నా కేబుల్ కనెక్టర్ లోపలికి ఉప్పునీరు దిగి చిలుము పట్టి ఉంది. బ్రిడ్జ్ కప్పు మీద, మేం మంకీ ఐలాండ్ అనే చోట నిలబడి అతను దాన్ని విప్పి చూపించాడు. రాగి తీగ పచ్చగా అయిపోయి, వేలితో రుద్దితే పొడిగా రాలింది.

నన్ను ఇప్పటికీ నిద్ర లేపేది ఆ చిలుము కాదు, నా సైట్ బుక్. సెక్స్‌టెంట్ ఓడ మీద ఎందుకుందంటే యంత్రం తప్పు చెప్పినప్పుడు కాదు అని చెప్పడానికి. ఆ సాక్షి నోట్లో నా మాటలు పెట్టాను. ఏ సైట్లూ రాయకుండా ఉండి ఉంటే కనీసం ఈ ఓడ మీద రెండో లెక్క లేదని అందరికీ తెలిసేది, ఇంకొంచెం జాగ్రత్త పడేవాళ్ళు. చీఫ్ ఆఫీసర్ నా పుస్తకం చూసి, జీపీఎస్‌కీ సూర్యుడికీ కుదిరింది కదా అని నమ్మాడు. తప్పుడు పొజిషన్‌కి నేను తప్పుడు సాక్ష్యం ఇచ్చాను. కెప్టెన్ సొంత నోట్‌బుక్ లేకపోతే చీకటి పడే వేళకి మేం హువదూ పడమటి అంచు మీద ఉండేవాళ్ళం. ముందుగా రాడార్ పట్టించేదేమో. కొబ్బరి చెట్లు రాడార్‌లో కనబడతాయి, నీళ్ళ కింద పగడపు రాయి కనబడదు.

ఇలాంటిదే ఒక పెద్ద కథ మాకు క్లాసులో పాఠంగా చెప్పారు. 1995 జూన్ 10న రాయల్ మెజెస్టీ అనే ప్రయాణికుల ఓడ బెర్ముడా నుంచి బోస్టన్ వస్తూ నాంటకెట్ దీవి దగ్గర ఇసుక మేట మీద ఎక్కేసింది. లోపల దాదాపు 1500 మంది. బెర్ముడా వదిలిన కాసేపటికే జీపీఎస్ యాంటెన్నా కేబుల్ ఊడిపోయింది. పెట్టె డీఆర్‌లోకి మారి, ఆ సంగతి చిన్న అక్షరాల్లో చెప్పింది. ముప్పై నాలుగు గంటలపాటు బ్రిడ్జ్ మీద ఎవరూ చూడలేదు. ఓడ పదిహేడు మైళ్ళు పక్కకి పోయింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. పరీక్షలో ఈ సంఘటన మీద ప్రశ్న వస్తే నేను పూర్తి మార్కులకి సరిపడా రాసేవాణ్ణి. అదే అలారం నా ముందు మోగితే బటన్ నొక్కాను.

ఆ మధ్యాహ్నం కెప్టెన్ నన్ను వింగ్ మీద నిలబెట్టాడు. రంగుటద్దాలు సరిచేసుకుని సూర్యుణ్ణి పట్టాను. కనబడ్డాడు, జారిపోయాడు. పచ్చటి గుండ్రటి బిళ్ళ, అద్దంలోకి వస్తూ పోతూ. మెల్లగా కిందికి దించి సముద్రపు అంచు మీద ఆనించాలి. సెక్స్‌టెంట్‌ని మణికట్టుతో కుడికీ ఎడమకీ కొద్దిగా ఊపితే సూర్యుడు చాపంలా ఊగుతాడు. ఆ ఊపులో అట్టడుగుకి వచ్చిన చోట సూర్యుడి కింది అంచు నీళ్ళని తాకీ తాకనట్టు ఉండాలి. అప్పుడు టైమ్ అని అరవాలి, లోపల కేడెట్ క్రోనోమీటర్ సెకన్లు రాసుకోవాలి. నాలుగు సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర ఒక మైలు తప్పినట్టే. ఒకప్పుడు వచ్చిన పనే. ఇప్పుడు మోచేతులు వణుకుతున్నాయి, బరువైన కోల్ క్యారియర్ మెల్లగా దొర్లుతుంటే నా ఒళ్ళు దానితో పాటు దొర్లడం మానేసింది. మొదటి సైట్ ఓడని ముప్పై మైళ్ళ అవతల పెట్టింది.

ఆయన మళ్ళీ తీయమన్నాడు. వరసగా అయిదు తీయించి, గ్రాఫ్ కాగితం మీద సమయానికి ఎదురుగా ఎత్తు గుర్తుపెట్టించాడు. మధ్యాహ్నం దాటాక సూర్యుడు దిగుతున్నాడు కాబట్టి అయిదు చుక్కలూ ఒక వాలుగీత మీద పడాలి. మూడు పడ్డాయి, రెండు పడలేదు. ఏది తప్పో కాగితమే చూపించింది. ఇది ఏ పుస్తకంలోనూ చదవని పాఠమేమీ కాదు. కానీ నా చేతి తప్పు ఎంత పెద్దదో అంకెల్లో కనబడడం అదే మొదటిసారి. తప్పుని తెలుసుకోవడమే కాదు, కొలవవచ్చు కూడా.

సాయంత్రం నక్షత్రాలు. సూర్యుడు మునిగాక, నక్షత్రాలు కనబడేంత చీకటి పడి, సముద్రపు అంచు ఇంకా కనబడేంత వెలుతురు ఉండే సమయం భూమధ్యరేఖ దగ్గర చాలా తక్కువ. ఇరవై నిమిషాలకి మించి చిక్కదు. కెప్టెన్, చీఫ్ ఆఫీసర్, నేను ముగ్గురం నిలబడ్డాం. పడమట సిరియస్ వెలుగుతోంది. నైరుతిలో అగస్త్యుడు. తూర్పున చిత్త, దానికి ఎడమగా ఈశాన్యంలో స్వాతి. "స్వాతి నువ్వు పట్టు, చిత్త నేను చూస్తాను" అన్నాడాయన. మా ఇంట్లో కార్తెల లెక్క చెప్పేటప్పుడు విన్న పేర్లు అవి. ఆల్మనాక్‌లో నావికుల కోసం ఎంపిక చేసిన 57 నక్షత్రాల జాబితాలో స్పైకా, ఆర్క్‌టరస్ అని చదివి పరీక్ష రాశాను, చిన్నప్పటి ఆకాశంతో ఎప్పుడూ కలుపుకోలేదు. ఆ రోజు నా స్వాతి గీత మిగతా మూడు గీతలకి రెండు మైళ్ళ ఎడంగా పడింది. చీఫ్ ఆఫీసర్ పర్వాలేదు అన్నాడు. నాలుగు గీతలూ కలిసిన చోటు కెప్టెన్ లెక్కకి సరిపోయింది. హువదూ మాకు కుడివైపు, కంటికి కనబడనంత దూరంలో ఉండిపోయింది.

రాత్రి క్యాబిన్‌కి పిలిచాడు. బల్ల మీద నా సైట్ బుక్ ఉంది. "నిజంగా తీసిన సైట్ల కింద సంతకం పెట్టి తీసుకురా" అన్నాడు. అంతే. నేను రిపోర్టు రాస్తాడనుకున్నాను, రాయలేదు. పుస్తకం తీసుకుని నా క్యాబిన్‌లో కూర్చుని పేజీలు తిప్పాను. పెన్ను పెట్టే చోటు కోసం చాలాసేపు వెతికాను. ఆ మధ్యాహ్నం తీసినవీ, సాయంత్రం స్వాతీ తప్ప నాకు దొరకలేదు. ఆ పేజీ మాత్రమే సంతకంతో తిరిగి ఇచ్చాను. ఆయన చూసి, పుస్తకం మూసి, రేపు పొద్దున్న తొమ్మిదింటికి వింగ్ మీద ఉండు అన్నాడు. ఆ ఓడ దిగేదాకా రోజూ ఉన్నాను.

ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. ఓడల మీద ఇప్పుడు మూడు నాలుగు రకాల శాటిలైట్ వ్యవస్థలు పనిచేస్తున్నాయి, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఒక కేబుల్ ఊడితే ఇప్పుడు ఏమవుతుంది అని. నిజమే, చిలుముకి ఇప్పుడు అంత భయపడనక్కర్లేదు. కానీ ఆ సిగ్నళ్ళన్నీ 20 వేల కిలోమీటర్ల పైనుంచి వస్తాయి, భూమికి చేరేసరికి చాలా బలహీనంగా ఉంటాయి, వాటిని ముంచేయడానికి పెద్ద శక్తి అక్కర్లేదు. అలా ముంచితే ఒక పెట్టె కాదు, ఓడ మీద ఉన్న పెట్టెలన్నీ, జేబుల్లో ఫోన్లతో సహా ఒకేసారి పోతాయి. అంతకంటే చెడ్డది దొంగ సిగ్నల్. 2017 జూన్‌లో నల్లసముద్రంలో నొవొరస్సీస్క్ రేవు దగ్గర ఇరవైకి పైగా ఓడలు తాము గెలెంజిక్ విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. అలారం మోగదు, డీఆర్ అని రాదు. తప్పు పొజిషన్ పూర్తి ధీమాతో వస్తుంది. తూర్పు మధ్యధరా, ఎర్రసముద్రం, పర్షియన్ గల్ఫ్ దారుల్లో తిరిగేవాళ్ళకి ఇది వింత కాదు. విశాఖ, కాకినాడ, శ్రీకాకుళం నుంచి వెళ్ళి ఆ దారుల్లో పనిచేస్తున్న కుర్రాళ్ళు ఎంతోమంది. వాళ్ళ ఇళ్ళల్లో ఎదురుచూసేవాళ్ళుంటారు. అందుకే ఈ విషయంలో నాకింత పట్టుదల.

అమెరికా నేవల్ అకాడమీ 1998లో ఈ చదువుని సిలబస్ నుంచి తీసేసింది. హ్యాకింగ్ భయంతో 2015లో మళ్ళీ పెట్టింది. మధ్యలో ఉన్న ఆ పదిహేడేళ్ళలో చదువుకున్నవాళ్ళు ఇది నేర్చుకోకుండానే అధికారులయ్యారంటే, ఒక తరం ఆపితే ఎంత నష్టమో తెలుస్తుంది. మన మర్చంట్ నేవీకి వర్తించే అంతర్జాతీయ ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూ మాత్రం దీన్ని ఎప్పుడూ వదల్లేదు, 2010లో మనీలాలో సవరించినప్పుడు కూడా ఉంచింది. నియమం ఉంది, పెట్టె ఉంది, సైట్ బుక్ ఉంది. అప్పటి నా ఓడ మీద కూడా ఇవన్నీ ఉన్నాయి. లేనిది చెయ్యి.

దీని పరిమితులు దాచి పొగడడం నాకిష్టం లేదు. జూన్ నుంచి అరేబియా సముద్రంలో రుతుపవనం పట్టిందంటే రోజుల తరబడి సూర్యుడు కనబడడు. కనబడినా సముద్రపు అంచు కనబడదు. రేవులోకి వెళ్ళడానికి సెక్స్‌టెంట్ పనికిరాదు. మైలు తేడా నడిసముద్రంలో ఏమీ కాదు, రేవు ముఖద్వారంలో ఓడ ప్రాణం. అయితే దొరికిన ఒక్క సైట్‌నే ఎంత దూరం లాగవచ్చో 1916లో ఫ్రాంక్ వర్స్‌లీ చూపించాడు. ధ్రువ అన్వేషకుడు షాకిల్‌టన్‌తో కలిసి 22 అడుగుల పడవలో దక్షిణ సముద్రం మీద దాదాపు 800 మైళ్ళు వచ్చాడు. పదహారు రోజుల్లో ఆయనకి సూర్యుడు దొరికింది నాలుగుసార్లే. మధ్యలో అంతా దిశ, వేగం, ప్రవాహం లెక్క. దక్షిణ జార్జియా దీవి తప్పిపోతే ముందు ఇక తీరం లేదు. తప్పలేదు. మన అభిలాష్ టోమీ 2022లో మొదలైన గోల్డెన్ గ్లోబ్ రేసులో ఒంటరిగా భూమి చుట్టి రెండో స్థానంలో వచ్చాడు. ఆ రేసులో జీపీఎస్‌తో దారి చూసుకోకూడదు. దాని ముందు 2018 రేసులో వెన్నెముక విరిగి, సముద్రం మధ్య నుంచి కాపాడి తీసుకొచ్చిన మనిషి ఆయన.

నేను కెప్టెన్ అయ్యాక నా ఓడల మీద ఒక పద్ధతి పెట్టాను. సైట్ తీసి, లెక్క కట్టి, చార్టు మీద గీత పడేదాకా జీపీఎస్ తెర మీద కాగితం అంటించి ఉండాలి. వాచ్ ఆఫీసర్‌కి పక్కన ఇంకో తెర ఉంటుంది, ఓడకి ఇబ్బంది లేదు. సైట్ తీసేవాడు మాత్రం చూడకూడదు. లెక్క కట్టడానికి కంప్యూటర్ వాడుకోనిస్తాను. నోరీస్ టేబుల్స్ తిరగేయడంలో పవిత్రత ఏమీ లేదు, వారానికొకసారి చేతితో కడితే చాలు. చూడడం మాత్రం కంటితో, పట్టడం చేతితో జరగాలి. ఇండెక్స్ ఎర్రర్ ఏ రోజుకారోజు రాయాలి. నిన్నటి అంకె ఇవాళ కూడా అచ్చంగా అదే వస్తే నేను పిలిచి నా ఎదురుగా చూపించమంటాను.

మొన్న వాచ్‌లో ఒక కేడెట్, విజయనగరం అబ్బాయి, మొదటిసారి తనంతట తాను ఉదయపు సైట్ తీశాడు. లెక్క చూసుకుని మొహం మాడ్చుకుని వచ్చాడు. ఇంటర్‌సెప్ట్ ఎనిమిది మైళ్ళు వచ్చింది సార్, కాగితం తీసి జీపీఎస్ చూశాను, మనం అక్కడ లేం, ఇది కొట్టేసి మళ్ళీ తీస్తాను అన్నాడు. కొట్టెయ్యొద్దు, ఎనిమిదని రాసి సంతకం పెట్టు, తర్వాత వెతుకుదాం అన్నాను. రాశాడు. ఇద్దరం కూర్చుని వరసగా చూసుకుంటూ వచ్చాం. టైమ్ సరిగ్గానే ఉంది. ఇండెక్స్ ఎర్రర్ కలపాల్సిన వైపే కలిపాడు. ఆల్మనాక్ తేదీ సరైనదే. ఆ తర్వాత డిప్ దగ్గర ఖాళీ గడి కనబడింది. బ్రిడ్జ్ మీద మన కన్ను నీళ్ళకి ఇరవై మీటర్ల ఎత్తులో ఉంటుంది, అంత ఎత్తు నుంచి సముద్రపు అంచు కిందికి దిగినట్టు కనబడుతుంది, ఆ మేరకు 7.9 మినిట్లు తీసెయ్యాలి. తీయలేదు. ఆ గడి నింపి మళ్ళీ కడితే మైలుకి బాగా లోపలే వచ్చింది. అది కూడా దాని కిందే, కొత్త గీత గీసి రాయమన్నాను.